సిత్రా, నాలుగూ నలభై

సిత్రా క్యాంపులో, ఇంకా చీకటి విడవకముందే
గుండేటి రాజలింగం తన ఫోనులో
‘హాజరు’ అన్న బటన్ నొక్కాడు.
నొక్కాడు. మళ్లీ నొక్కాడు.
ఆకుపచ్చ బటన్, ఆ రంగు నేను వేసిందే,
గోడ మీద గీసిన తలుపులా ఊరకే ఉంది.

వ్యాన్ హారన్ కొట్టింది. ఎక్కేశాడు.
నెలాఖరుకి రెండు పూటల కూలి కోత.

గురువారం సాయంత్రం, పని బట్టల్లోనే,
మనామాలో మా ఆఫీసుకి వచ్చాడు.
ఏసీ చలికి మోచేతులు దగ్గరికి తీసుకుని
చేతిరుమాలు విప్పి ఫోను బల్ల మీద పెట్టాడు,
జబ్బుచేసిన పిట్టను చూపించినట్టు.
“నేనైతె నొక్కిన బిడ్డా. అది పలుకలే.”

నా తెర మీద ప్రతిసారీ పలుకుతుంది.
ఆ మాటే అనబోయాను.
మునవ్వర్ అప్పటికే అనేశాడు:
ఇక్కడ బాగానే ఉందే.

ఆఫీసు వైఫై తీసేసి
ఆయన చవక డేటా మీదే తెరిచాను.
పగిలిన గాజు కింద పేజీ దిగడం మొదలైంది.
ముందు తెల్లదనం.
చాలాసేపు తెల్లదనమే.
తర్వాత కంపెనీ పేరు.
ఇంతలో నా స్క్రిప్టు రొప్పుకుంటూ వచ్చింది,
పందిరి వేయకముందే దిగిన బ్యాండుమేళంలా.
బటన్ ఎక్కడ అని అడిగింది.
బటన్ ఇంకా పుట్టలేదు.
శూన్యం, అని జవాబొచ్చింది.
తన పని అయిపోయిందనుకుని వెళ్లిపోయింది.
అప్పుడొచ్చింది బటన్,
పచ్చగా, గుండ్రంగా, చెవులు లేకుండా.

నా దగ్గర పేజీ రెప్పపాటులో దిగిపోతుంది,
స్క్రిప్టు వెనకాల నిదానంగా వస్తుంది.
అందుకే ఆరు నెలలుగా
ఈ తొందర నాకు కనబడలేదు.

ఎలా చెప్పాలో తెలియక చేతులు తిప్పాను.
ఆయనే అందుకున్నాడు:
“గోడ లేవకముందే ప్లాస్టర్ మేస్త్రిని తోలినవన్నట్టు.
ఆయినె ఏం జేస్తడు? గోడను దేవులాడి
వాపసొస్తడు.”

ఆ రాత్రి రాశాను:
అంతా దిగాకే కదులు.
కాఫీ తాగాను. గర్వంగానే పడుకున్నాను.

శనివారం వాయిస్ మెసేజ్, వెనకాల గాలి చప్పుడు:
“పలికింది బిడ్డా. గని వ్యాన్ పోయినంక పలికింది.”

అంతా అంటే అంతా.
పేజీ నెత్తిన ఒక టవర్ ఫోటో ఉంది, మా యజమాని ముచ్చట,
సాయంత్రపు ఎండలో అద్దాలు మెరుస్తూ,
నీళ్లలో నీడతో సహా.
చివరి అద్దం దిగేదాకా
రాజలింగం బటన్‌ని నిలబెట్టేశాను.

ఫోన్ చేసి ఫోటో సంగతి చెప్పాను.
నవ్వాడో, దగ్గాడో.
“అది మేం కట్టిందే గదా.
ముప్పయ్యొకటో అంతస్తు సెంట్రింగ్ నా చేతిదే.
రంగులెయ్యకముందే మెట్లెక్కినం బిడ్డా,
దినాం, బస్తాలు మోసుకుంట.
మెట్టు గట్టిగుంటె చాలు. రంగులు తర్వాత.”

ఒక్క మాట మార్చాను.
అంతా దిగాక అన్న చోట
ఎముకలు కుదిరాక, అని.
యంత్రానికి అర్థమయ్యే మాటలోనే రాశాను గానీ
నాకు అర్థమైంది ఆయన మాటలో.

ఆదివారం అలారం పెట్టుకుని లేచి
చీకట్లో సర్వర్ చూస్తూ కూర్చున్నాను.
నాలుగూ నలభైకి ఒక వరుస పడింది:
గుండేటి రాజలింగం, హాజరు.
దాని కింద ఇంకొకటి. ఇంకో పదకొండు.
పన్నెండు మందీ ఇన్నాళ్లూ నొక్కుతూనే ఉన్నారేమో,
ఒక్కడే వచ్చి అడిగాడు.

కోసిన రెండు పూటల కోసం అకౌంట్స్‌కి రాశాను.
పోయిన నెల మూసేశాం అన్నారు.
జరిగిపోయిన తెల్లవారుజాముల్లోకి
వెనక్కి నడిచే స్క్రిప్టు నాకు రాయడం రాదు.
ఆయనకు ఇంకా చెప్పలేదు.

వ్యాన్ ఈపాటికి వంతెన దాటి ఉంటుంది.
చొక్కా జేబులో, చేతిరుమాలు మడతలో
ఆ టవర్ ఇప్పుడు దిగుతూ ఉంటుంది,
గీత గీతగా, పైనుంచి కిందికి,
ముప్పయ్యొకటో అంతస్తు దాకా వచ్చి
సిగ్నల్ అందక
కాసేపు ఆగుతూ.